గెలిచిన సి, ఓడిన అడా

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి మొరాయించాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలు దానికి కారణం. ఆ సంస్థ ప్రోగ్రాము 21 విలువలు చూడబోయింది, దానికి అందినవి 20. లేని ఇరవై ఒకటో విలువ కోసం తనది కాని మెమరీని చదవబోయి కూలింది, తనతోపాటు విండోస్‌నీ కూల్చింది. ఆ ప్రోగ్రాము సి భాష నుంచి పుట్టిన సి++లో రాసింది.

ఒక మేనమామకీ మేనకోడలికీ వాదన అక్కడే మొదలైంది. ఆయన ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో టెలికాం పరికరాలకు సి భాషలో ప్రోగ్రాములు రాసి రిటైరయ్యారు. ఆమె బెంగళూరులో ఒక కంపెనీలో, ఇలాంటి మెమరీ తప్పులకి అడ్డుపడే రస్ట్ భాషలో రాస్తుంది. ఇద్దరికీ చేసే పని మీద ప్రేమ ఎక్కువ, అందుకే మాట కూడా గట్టిగానే పడుతుంది.

"లేని గడిని చదవడమనే తప్పు మనుషులు చేస్తూనే ఉంటారు మావయ్యా. ఆ తప్పుకి అడ్డుపడే భాషలు నిన్న మొన్న వచ్చినవా? 1960ల నుంచీ ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి, అడ్డుపడని భాషనే నెత్తిన పెట్టుకున్నాం. ఎందుకు?" ఇదీ ఆమె ప్రశ్న.

ఆమె మాటకి సాక్ష్యం కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్. 1960ల్లో బ్రిటన్‌లోని ఎలియట్ బ్రదర్స్ కంపెనీలో ఆయన బృందం ఆల్గాల్ 60 భాషకి కంపైలర్ తయారుచేసింది. విలువల్ని వరస గడుల్లో దాచే అర్రేలో ఏ గడిని ముట్టుకున్నా, ఆ గడి అసలుందో లేదో ప్రోగ్రాము నడుస్తుండగానే సరిచూసే ఏర్పాటు అందులో ఉంది. వేగం కావాలంటే ఈ తనిఖీని తీసేసుకునే వీలు కల్పించమంటారా అని కొన్నేళ్ల తర్వాత కస్టమర్లను అడిగితే, అందరూ ఒక్కమాటగా వద్దన్నారు. అలాంటి తప్పులు ఎంత తరచుగా దొర్లుతాయో వాళ్లకి అప్పటికే అనుభవం. 1980లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ హోర్ ఈ సంగతి చెప్పారు. తర్వాతి భాషల రూపకర్తలు ఈ పాఠం నేర్చుకోలేదని బాధపడ్డారు కూడా.

"హోర్ గారి కస్టమర్ల సంగతి సరే. బెల్ ల్యాబ్స్‌లో సి ని తయారుచేసిన డెనిస్ రిచీ ముందున్న మిషన్ సంగతి కూడా చూడు తల్లీ," అన్నారు మావయ్య. "వాళ్ల మొదటి పీడీపీ-11 కంప్యూటర్లో మెమరీ 24 కిలోబైట్లు. ఆపరేటింగ్ సిస్టమూ, మనుషులు రాసుకునే ప్రోగ్రాములూ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ప్రతి అర్రేతోపాటు దాని పొడవు దాచుకోవడం, ముట్టుకున్న ప్రతిసారీ సరిచూడటం అప్పట్లో మోయలేని ఖర్చు. అందుకే సి లో అర్రే పేరంటే దాని మొదటి గడి అడ్రసు, అంతే. పొడవు గుర్తుపెట్టుకునే బాధ్యత రాసేవాడిది."

"రాసేవాడు మరిచిపోతే?"

"మరిచిపోకూడదు."

రిచీ మాత్రం తన భాషని ఇంతగా వెనకేసుకు రాలేదు. 1993లో సి చరిత్ర రాస్తూ, అందులో లోపాలున్నాయనీ, అయినా అది ఘనవిజయం సాధించిందనీ తానే ఒప్పుకున్నారు.

ఆ విజయానికి భాష గుణం ఒక్కటే కారణం కాదు. 1956లో అమెరికా ప్రభుత్వంతో కోర్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటీ అండ్ టీ కంపెనీ టెలిఫోన్లు దాటి వేరే వ్యాపారంలోకి దిగకూడదు. దాంతో తన బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని సరుకుగా అమ్ముకునే దారిలేక, విశ్వవిద్యాలయాలకి నామమాత్రపు రుసుముకి, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చింది. 1973 నాటికి యూనిక్స్ కెర్నల్‌ని సి లో తిరగరాశారు. బర్క్‌లీ లాంటి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు ఆ కోడ్ చదువుతూ, మారుస్తూ చేయి తిరిగినవాళ్లయ్యారు. తర్వాత వాళ్లే కంపెనీలు పెట్టారు, పాఠాలు చెప్పారు. సి కావాలని వాళ్లెవరూ కూర్చుని ఎంచుకోలేదు. వాళ్లకి కావలసింది యూనిక్స్, సి దాని వెంట వచ్చింది.

"మరి పాస్కల్ అప్పటికే ఉంది కదా. నిక్లాస్ విర్త్ 1970లోనే తెచ్చాడు. హద్దు దాటితే పట్టుకునేది," అంది మేనకోడలు.

మావయ్య ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నారు. "అది నాకు బాగా తెలుసు. పాస్కల్‌లో అర్రే పొడవు కూడా దాని జాతిలో, అంటే టైప్‌లో, భాగం. పది గడుల అర్రేని సార్ట్ చేసే ఫంక్షన్ రాశావనుకో, అదే ఫంక్షన్‌కి ఇరవై గడుల అర్రే ఇవ్వడానికి లేదు, మళ్లీ రాసుకోవాలి. 1981లో రిచీ సహోద్యోగి బ్రయన్ కెర్నిగన్ పాస్కల్ తనకెందుకు నచ్చలేదో చెబుతూ మొదట ఎత్తిచూపింది దీన్నే. భద్రత అన్నారు బాగుంది, పని జరగాలి కదా. పని జరగనివ్వని జాగ్రత్తని జనం పక్కకి నెట్టేస్తారు."

ఆమె కాదనలేదు. ఆ ఇబ్బందిని తర్వాత సవరించారు, కానీ ఒక్కో పాస్కల్ కంపైలర్ ఒక్కో రకంగా సవరించింది. ఒకచోట రాసింది ఇంకోచోట నడవని పరిస్థితి. ఈలోగా సి కాలేజీల్లోనూ కంపెనీల్లోనూ పాతుకుపోయింది.

అడా కథ ఇంకా బాధాకరమైనది. 1970ల్లో అమెరికా రక్షణ శాఖ లెక్క తీస్తే, దాని ప్రాజెక్టుల్లో 450కి పైగా భాషలు తేలాయి. అన్నింటికీ బదులు ఒకే భద్రమైన భాష కావాలని పోటీ పెడితే, జాన్ ఇష్బియా నాయకత్వంలోని ఫ్రెంచి బృందం గెలిచింది. 1983లో ప్రమాణం ఖరారైంది. అర్రే హద్దులు, సంఖ్యల పరిమితులు, జాతుల తేడాలు అన్నీ ఈ భాష సరిచూస్తుంది. వాడితీరాలన్న చట్టం కూడా 1991లో అమల్లోకి వచ్చింది. 1997లో ఆ నిబంధనని రక్షణ శాఖే ఎత్తేసింది.

"ప్రభుత్వం వెనకున్నా ఎందుకు నిలబడలేదంటావు?" అని మావయ్యే అడిగి, జవాబూ ఆయనే చెప్పారు. "డబ్బు తల్లీ. అడా కంపైలర్ రాయడం మహా కష్టం, రాసినవాళ్లు అమ్మేది రక్షణ కాంట్రాక్టర్లకి, ధర ఆ లెక్కలోనే ఉండేది. రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ అనే సి కంపైలర్ని 1987లో ఉచితంగా విడుదల చేశాడు. అదే ఏడాది బోర్లాండ్ టర్బో సి కూడా వచ్చింది, మామూలు పీసీలో నడిచేది. అడాకి ఉచిత కంపైలర్ జనం చేతికి అందింది 1990ల నడుమ. ఎనిమిదేళ్ల తేడా! మా ఆఫీసులో అడా పేరెత్తితే, రాసే మనుషుల్ని ఎక్కడ తెస్తావని అడిగేవారు. సి వచ్చినవాళ్లయితే అమీర్‌పేటలో ఏ వీధిలో నిలబడినా దొరికేవారు."

అమీర్‌పేట మాట నిజం. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో ఒక తరం మొత్తం టర్బో సి నీలి తెర ముందే ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. డాస్ పోయాక కూడా డాస్‌బాక్స్‌లో దాన్నే నడిపించిన ల్యాబులున్నాయి. ఆ ల్యాబులో జరిగేది ఒక్కసారి దగ్గరగా చూడాలి. ల్యాబ్ రికార్డులో రాయాల్సిన ప్రోగ్రాము: పది అంకెలు తీసుకుని కూడి చూపించాలి. పది గడుల అర్రే ప్రకటించిన పిల్లవాడు లూప్‌ని సున్నా నుంచి పది దాకా తిప్పాడు. అంటే పదకొండుసార్లు. పదకొండో అంకె అర్రే పక్కనున్న మెమరీలో పడింది, అక్కడ ఏముంటే అది చెరిగిపోయింది. కంపైలర్ తప్పు చూపలేదు, ప్రోగ్రాము ఆగలేదు. తెర మీద ఏదో మొత్తం కనబడింది, రికార్డులో సంతకం పడింది. ఆ తప్పు తప్పుగా ఆ పిల్లవాడి కంటికి ఎన్నడూ కనబడదు. అదే ప్రోగ్రాముని ఇవాళ జీసీసీలో అడ్రస్ శానిటైజర్ అనే ఆప్షన్ పెట్టి నడిపితే, పదకొండో అంకె దగ్గరే ఆపి, ఏ లైనులో హద్దు దాటావో చెబుతుంది. 2013 నుంచీ జీసీసీలో ఉంది, పైసా ఖర్చు లేదు. మొదటి ఏడాది ల్యాబులో దాన్ని వాడించకపోవడానికి ఏ సాకూ సరిపోదు.

"చూశారా, తప్పు కనబడకపోవడమే అసలు సమస్య," అని మేనకోడలు అందుకుంది. "1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రాము ఇంటర్నెట్‌ని కుదిపేసింది. అది దూరిన దారుల్లో ఒకటి సి లోని గెట్స్ ఫంక్షన్. ఒక లైను చదివి బఫర్ అనే మెమరీ ముక్కలో పెట్టడం దాని పని. బఫర్ ఎంత పెద్దదో దానికి చెప్పే వీలే లేదు. అవతలివాడు ఎంత పంపితే అంత పోసేస్తుంది. ఆ ఫంక్షన్‌ని సి ప్రమాణం నుంచి తీసేసింది ఎప్పుడో తెలుసా? 2011లో. ప్రమాదం కళ్లారా చూశాక కూడా 23 ఏళ్లు!"

"తీసేస్తే అప్పటిదాకా రాసిన ప్రోగ్రాములు కంపైల్ కావు. ఎవరి ఇంట్లో మనుషులున్నారో చూడకుండా గోడ కొట్టేస్తామా?"

"ఆ ఇంట్లోకి దొంగ వచ్చే దారి అదే అయినప్పుడు?"

ఈసారి మావయ్య ఊరుకున్నారు. ఆమె ఆగలేదు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ గురించి చెప్పింది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీ, బ్యాంకుల నుంచి ఈమెయిల్ దాకా సురక్షిత కనెక్షన్లు నడిపేది. రెండు కంప్యూటర్ల మధ్య లైను బతికుందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న సందేశం ఉంటుంది: 'నేను ఈ మాట పంపుతున్నాను, పొడవు ఇంత, అదే తిరిగి పంపు' అని. ఒక అక్షరం పంపి, పొడవు 64 వేలని అబద్ధం చెబితే, సర్వరు ఆ పొడవుని సరిచూడకుండా తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా తోడి పంపేది. అందులో ఇంకొకరి పాస్‌వర్డు ఉండొచ్చు, సర్వరు రహస్య తాళమే ఉండొచ్చు. సర్వరు లాగ్ ఫైళ్లలో జాడ కూడా మిగలదు. 2012 మార్చిలో విడుదలైన వెర్షన్ నుంచి రెండేళ్లు ఇలాగే నడిచింది. కెనడా పన్నుల శాఖ నుంచి సుమారు 900 మంది సామాజిక బీమా నంబర్లు దొంగల పాలయ్యాయి.

"ఆ లైబ్రరీకి పూర్తికాలం పనిచేసేవాడు అప్పుడు ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు 2 వేల డాలర్లు," అని గుర్తుచేశారు మావయ్య. ఆయన గొంతులో కోపం ఉంది. "కోట్లు గడించిన కంపెనీలు దాన్ని వాడుకుని ఆ మనిషిని గాలికి వదిలేశాయి. నువ్వు భాషని తిడుతున్నావు."

"రెండిటినీ అంటున్నాను. భాషని ఎంచుకున్నది ఎవరు, నష్టపోయింది ఎవరు అన్నదే నా ప్రశ్న. 2019లో వాట్సాప్ కాల్ ఎత్తకపోయినా ఫోన్లోకి పెగాసస్ అనే నిఘా ప్రోగ్రాము దూరింది. దానికి దారిచ్చింది కాల్స్ నడిపే కోడ్‌లోని బఫర్ ఓవర్‌ఫ్లో. సుమారు 1,400 మందిని గురిపెట్టారు, మన దేశంలో హక్కుల కార్యకర్తలు, జర్నలిస్టులు వాళ్లలో ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా ఆ కోడ్ ఏ భాషలో రాశారో తెలుసా? కంపైలర్ మీద ఆదా చేసినవాడు ఒకడు, ఫోను పోగొట్టుకున్నవాడు ఇంకొకడు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు తమ భద్రతా లోపాల్లో ఏటా దాదాపు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులేనని చెప్పారు. లెక్క తెలియక కాదు. తెలిసినా, తమ జేబులోంచి పోనంతవరకు మార్చరు."

ఈ వ్యాసం కూడా ఆమె పక్షమే. చెడ్డ భాష గెలవడానికి అలవాటు, ధర, మనుషుల లభ్యత అన్నీ కారణాలే. గెలిచాక యాభై ఏళ్లు కదలకుండా కూర్చోవడానికి మాత్రం ఒకే కారణం బలమైనది: లోపం ఖరీదు దాన్ని ఎంచుకున్నవాడి ఖాతాలో పడకపోవడం.

అయినా మావయ్య దగ్గర పదునైన బాణం మిగిలే ఉంది.

"1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ ఎగిరిన 40 సెకన్లలోపే దారితప్పి పేలిపోయింది. దాంట్లో సాఫ్ట్‌వేర్ నీ అడాయే. 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో పెట్టబోతే పట్టలేదు. భాష ఆ తప్పుని పట్టుకుంది, గట్టిగా పట్టుకుంది, నావిగేషన్ కంప్యూటర్ని ఆపేసింది. ఆగిపోవడమే రాకెట్టుకి చావైంది. నీ క్రౌడ్‌స్ట్రైక్ కోడ్ రస్ట్‌లో రాసి ఉన్నా, ఇరవై ఒకటో విలువ దగ్గర ఆగిపోయేదే. విమానాలు ఎలాగూ నిలిచేవి. 2025 నవంబరు 18న వెబ్‌సైట్లకి నెట్‌వర్కు సేవలిచ్చే క్లౌడ్‌ఫ్లేర్ పడిపోయి ఎన్నో వెబ్‌సైట్లు రానప్పుడు, కూలిన ప్రోగ్రాము రస్ట్‌లో రాసిందే కదా?"

"అవును, రస్టే," అని ఆమె ఒప్పుకుంది. "ఫైలు అనుకున్నదానికంటే పెద్దదైంది, తప్పు వస్తే ఏం చేయాలో రాయకుండా వదిలేశారు. ప్రోగ్రాము ఆగింది. కానీ మావయ్యా, ఆగిపోతే ఆ పూటే తెలుస్తుంది, సరిచేస్తారు. హార్ట్‌బ్లీడ్ రెండేళ్లు నడిచినా ఎవరికీ తెలియలేదు. ఇక ఏరియాన్‌లో అలాంటి ఏడు విలువలుంటే నాలుగింటికి రక్షణ పెట్టి, ప్రాసెసర్ మీద భారం తగ్గించాలని మూడింటికి పెట్టలేదు. ఆ మూడింట్లో ఒకటే ముంచింది. పైగా ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చింది, కొత్త రాకెట్టు ప్రయాణానికి సరిచూడలేదు."

"గాల్లో ఉన్నదానికి ఆగడం పరిష్కారం కాదు. అంతవరకు నువ్వు ఒప్పుకోవాలి."

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. రస్ట్ ప్రేమికుల్లో చాలామంది ఈ ప్రశ్నని దాటవేస్తారు. మెమరీ భద్రత ఒక జాతి తప్పుల్ని కట్టడి చేస్తుంది, ఆలోచనలో తప్పుకి అది మందు కాదు.

ఇక మిగిలింది పాత సి కోడ్‌ని భద్రమైన భాషలో తిరగరాయాలా అన్నది. లైనక్స్ కెర్నల్‌లో దాదాపు 4 కోట్ల లైన్లున్నాయి. "ఎన్నో వెర్షన్లలో నలిగిన కోడ్ అది. నువ్వు కొత్తగా రాస్తే పాత తప్పులు పోతాయేమో, కొత్త తప్పులు వస్తాయి. నలిగిన కోడ్ విలువ మీ తరానికి తెలియదు," అన్నారు మావయ్య.

చిత్రమేమిటంటే ఈ విషయంలో ఆయన మాటని బలపరిచింది గూగుల్. 2024లో ఆండ్రాయిడ్ భద్రతా బృందం బయటపెట్టిన లెక్కల ప్రకారం లోపాలు ఎక్కువగా ఉండేది కొత్తగా రాసిన కోడ్‌లోనే. అయిదేళ్ల పాత కోడ్‌లో లోపాల సాంద్రత కొత్తదానికంటే 3.4 నుంచి 7.4 రెట్లు తక్కువ. కాలం గడిచేకొద్దీ తప్పులు దొరుకుతాయి, సవరిస్తారు.

"ఆ లెక్క నేనూ చదివాను. అది చదివాకే నా అభిప్రాయం మారింది," అంది మేనకోడలు. "పాతది తిరగరాయక్కర్లేదు. ఇవాళ్టి నుంచి రాసే కొత్త కోడ్ భద్రమైన భాషలో రాస్తే చాలు. వాళ్లు చేసింది అంతే. 2019లో ఆండ్రాయిడ్ లోపాల్లో 76 శాతం మెమరీ తప్పులు, 2024కి 24 శాతం. పాత సి, సి++ కోడ్ చాలావరకు అలాగే ఉంది. మరి గూగులే ఎందుకు మారింది? ప్రతి లోపానికీ ప్యాచ్ రాసి, ఫోన్ కంపెనీలన్నిటికీ పంపి, పరువు కాపాడుకునే ఖర్చు తనదే కాబట్టి. విమానాల్లో అడా ఇంకా బతికుంది చూడండి. బోయింగ్ 777 సాఫ్ట్‌వేర్‌లో అత్యధిక భాగం అడా. పారిస్ మెట్రోలో డ్రైవరు లేని 14వ లైను 1998లో మొదలైంది, దాని భద్రతా కోడ్ కూడా అడాయే. అక్కడ సర్టిఫికెట్ రాకపోతే బండి కదలదు."

"గూగుల్ చేసింది సరే. చిన్న కంపెనీ ఏం చేస్తుంది? చిప్ కొంటే దాంతోపాటు వచ్చే డ్రైవర్లు, ఉదాహరణలు అన్నీ సి లోనే. ఏ రెండు భాషలు మాట్లాడుకోవాలన్నా నడుమ సి పద్ధతే. రస్ట్ నేర్పడానికి మనిషికి కొన్ని నెలలు జీతమివ్వాలి. మా మేనేజరు ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడు కాదు."

అప్పుడామె యూరప్ చట్టం సంగతి తెచ్చింది. సైబర్ రెజిలియెన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాని ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉన్న దాదాపు ఏ పరికరం యూరోపియన్ యూనియన్‌లో అమ్మినా, తయారీదారు మామూలుగా కనీసం అయిదేళ్లు భద్రతా ప్యాచ్‌లు ఉచితంగా ఇవ్వాలి. తీవ్రమైన ఉల్లంఘనకి జరిమానా గరిష్ఠంగా 1.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. ఏ భాషలో రాయాలో చట్టం చెప్పదు. హైదరాబాద్‌లో తయారై యూరప్‌కి వెళ్లే రౌటరుకీ ఇది వర్తిస్తుంది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక కాగితం తీసి, తాను చివరగా పనిచేసిన పరికరంలో ఎన్ని మాడ్యూళ్లున్నాయో వరసగా రాయడం మొదలుపెట్టారు. నెట్‌వర్కు నుంచి వచ్చే ప్యాకెట్లు చదివే మాడ్యూలు పేరు కింద గీత గీశారు.

"అయిదేళ్ల ప్యాచ్‌ల ఖర్చు ముందే బడ్జెట్‌లో కనిపిస్తే, దీన్ని ఏ భాషలో రాయాలని మా మేనేజరే నన్ను పిలిచి అడిగేవాడు," అన్నారు. "మిగతా మాడ్యూళ్లని మాత్రం ముట్టుకోనివ్వను."

"ముట్టుకోవద్దు," అంది ఆమె. "కొత్త ప్రోటోకాల్ వచ్చినప్పుడు చూద్దాం."